లక్క ప్లేట్లలో సాలూరు పాట

పాచిపెంట: మోదుగ, రేగు కొమ్మలకు పట్టిన లక్కను కొట్టి అమ్ముకునే అడవి పల్లెలకు ఒకప్పుడు అదే లక్క పాటై తిరిగి వచ్చేది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనుపై మోగిన నల్లటి ప్లేట్లు లక్కలో రాతిపొడి వగైరాలు కలిపి చేసినవే. ఆ ప్లేట్లంటే ప్రాణం పెట్టే పెద్దాయన ఒకరు పాచిపెంటలో ఉన్నారు. ఏ పాట ఎవరు పాడారు, క్యాసెట్టుకు ఎక్కేసరికి అందులో ఏం పోయిందన్న విషయాల్లో ఆయన ఎవరికీ తగ్గరు.

పొరుగూరి పిల్లవాడు

ఆయన లెక్కలో మొదటి పేరు సాలూరు రాజేశ్వరరావుది. పొరుగూరి వాడని అనడం లేదని, విని అంటున్నానని ఆయన మాట. రాజేశ్వరరావు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారు. 1935లో వచ్చిన ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రంలో కృష్ణుడి వేషం వేశారు. అందులో కంసుడు వేమూరి గగ్గయ్య. మైకులేని రోజుల్లో పందిరి చివర కూర్చున్నవాడికి కూడా పద్యం వినబడాలి కనుక నాటకాల వారు గొంతు చించుకుని పాడేవారు. మైకు వచ్చాక ఆ అవసరం తీరిందని ముందుగా గ్రహించిన వారిలో రాజేశ్వరరావు ఒకరని పెద్దాయన అభిప్రాయం. పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు ఉంటుంది ఆయన పాట.

అందుకే సినిమా పాటలకన్నా రాజేశ్వరరావు స్వయంగా, రావు బాలసరస్వతీదేవితో కలిసి రికార్డులకిచ్చిన లలితగీతాలే గొప్పవని ఆయన వాదిస్తారు. ఈ జంట 1940 నాటి ‘ఇల్లాలు’లోనూ పాడింది. సినిమాల్లో ‘మల్లీశ్వరి’ (1951) ముందు మరొకటి నిలవదట. అందులో ఘంటసాల, భానుమతి పాడుతుంటే వాద్యాలు మాటను మింగవు. ‘మిస్సమ్మ’ (1955)లో రామారావుకు ఎ.ఎం.రాజా చేత పాడించడం సరైన పనేనంటారు. ఘంటసాల అభిమానులతో ఈ ఒక్క విషయంలో ఆయనకు ఇప్పటికీ పేచీయే.

పాత పాటకు కొత్త కోత

ప్లేటు ఒక వైపు మోగేది మూడు నిమిషాల పైచిలుకు. సినిమాలో పాట అంతకన్నా పెద్దదైతే చరణం తగ్గించడమో, రికార్డు కోసం వేరుగా పాడించడమో జరిగేది. అందువల్ల సినిమాలో విన్నదీ ప్లేటులో ఉన్నదీ అన్నిసార్లూ ఒకటి కావు. తర్వాత అవే పాటలు పెద్ద రికార్డులుగా, క్యాసెట్లుగా, సీడీలుగా వచ్చాయి. సాలూరు లారీల్లోనూ మోగాయి. ఇప్పుడు సెల్‌ఫోన్లలో వినబడుతున్నాయి. పాట నలుగురికీ అందడం మంచిదే. అయితే బరబర శబ్దం తీసేయబోయి వయొలిన్ లోని నునుపు కూడా తీసేస్తున్నారని ఆయన ఫిర్యాదు. ప్లేటు తిరిగే వేగం కాస్త మారితే శ్రుతి కూడా మారిపోతుంది.

వాయించినవారి పేర్లు లేకపోవడం ఆయనకు అన్నిటికన్నా పెద్ద బాధ. అమెరికాలో నల్లవారి నుంచి పుట్టిన జాజ్ సంగీతానికి ఆ బాధ తక్కువ. ఏ రికార్డులో ఎవరు ఏ వాద్యం, ఏ తేదీన వాయించారో చెప్పే జాబితాను షార్ల్ దెలోనే అనే ఫ్రాన్సు అభిమాని 1936లోనే పుస్తకంగా అచ్చువేశారు. జాజ్ పాత రికార్డులను మళ్ళీ విడుదల చేసేటప్పుడు అట్ట మీద ఆ పేర్లు వేయడం రివాజు. మన దగ్గర ‘మల్లీశ్వరి’ వాద్యగోష్ఠి అద్దేపల్లి రామారావు నిర్వహించారని సినిమా పేర్లలో ఉంది. కానీ వేణువు ఊదినవారు, వయొలిన్ పట్టినవారు ఎవరో చెప్పే క్యాసెట్టు అట్టలు అరుదు. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పిన విజయనగరం పక్కనే ఉండి, వాయిద్యకారుడి పేరు అడగకపోవడం తప్పు కాదా అన్నది ఆయన ప్రశ్న.

అటక మీద చూడండి

రాజేశ్వరరావు 1999లో కన్నుమూశారు. మన దేశంలో లక్క ప్లేట్ల తయారీ అంతకు చాలా ముందే ఆగిపోయింది. ఇక మిగిలినవి ఇళ్ళలో ఉన్నవే. అందుకే పాత సామాన్లవాడికి వేసేముందు అటక ఒకసారి చూడమని పెద్దాయన అందరినీ కోరుతున్నారు.

ప్లేటును స్పిరిటుతో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. పొడి మెత్తని గుడ్డ చాలు. ఎండకూ పొయ్యి వేడికీ వంకర తిరుగుతుంది కనుక నీడపట్టున నిలువుగా పెట్టాలి. ఉక్కు పిన్ను ఒక వైపు మోగించాక మార్చాలి, అరిగిన పిన్ను గాడిని కోసేస్తుంది. పగిలిన ప్లేటునూ పారేయవద్దు. నడుమ అంటించిన కాగితంపై కంపెనీ, నంబరు, పాడినవారి పేరు ఉంటాయి. దాన్ని సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచినా మేలే. పాట ఇంకెక్కడైనా దొరకవచ్చు గానీ, ఆ కాగితం చినిగితే పేరు దొరకదని ఆయన అంటున్నారు.