బయోటెక్నాలజీ పట్టా చదువు: ప్రయోగశాలకూ పొలానికీ మధ్య దూరం

ఇంటర్మీడియట్ బైపీసీ ఫలితాలు వెలువడిన నాటి నుండి డిగ్రీ ప్రవేశాలు ముగిసే వరకు కృషి విజ్ఞాన కేంద్రాలకు, ఏరువాక కేంద్రాలకు వచ్చే రైతులు పంటల సమస్యలతో పాటు మరొక ప్రశ్న కూడా అడుగుతుంటారు. "మా అమ్మాయికి వ్యవసాయ బీఎస్సీలో సీటు రాలేదు సార్, బయోటెక్నాలజీలో చేర్పించమంటారా? రెండూ ఒకటేనంటున్నారు, నిజమేనా?" ఆ సమాధానాన్ని నమ్మి ఒక కుటుంబం మూడు నాలుగేళ్ళ కాలాన్ని, కష్టార్జితాన్ని వెచ్చిస్తుంది. రెండూ ఒకటి కావు. అయితే ఒకదానితో ఒకటి సంబంధం లేనివీ కావు. ఈ తేడాను, ఈ సంబంధాన్ని విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

వ్యవసాయంలో పుట్టిన మాట

బయోటెక్నాలజీ అనే పదాన్ని 1919లో హంగరీకి చెందిన వ్యవసాయ ఇంజనీరు కార్ల్ ఎరెకీ తొలిసారిగా ప్రయోగించాడు. జీవుల సహాయంతో ముడి పదార్థాలను ఉపయోగకరమైన ఉత్పత్తులుగా మార్చడమే ఆయన దృష్టిలో బయోటెక్నాలజీ. 1953లో డీఎన్ఏ నిర్మాణం వెల్లడి కావడం, 1973లో ఒక జీవి డీఎన్ఏ ఖండాన్ని మరొక జీవిలోకి చేర్చి పనిచేయించగలగడం ఈ శాస్త్రానికి నేటి రూపాన్నిచ్చాయి. మన దేశంలో 1982లో జాతీయ బయోటెక్నాలజీ బోర్డు, 1986లో కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం ఏర్పడ్డాయి. అటుపై విశ్వవిద్యాలయాలలో ఈ చదువు క్రమంగా విస్తరించింది.

ఒకే పేరు, వేర్వేరు చదువులు

బయోటెక్నాలజీ పేరుతో ఉన్న పట్టాలన్నీ ఒకే తీరువి కావు. మొదటిది సాధారణ విశ్వవిద్యాలయాల పరిధిలోని డిగ్రీ కళాశాలల బీఎస్సీ. ఇందులో కణ జీవశాస్త్రం, జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, జన్యుశాస్త్రం, వ్యాధి నిరోధక శాస్త్రం ప్రధానం. రెండవది ఇంజనీరింగ్ కళాశాలల బీటెక్. ఇందులో గణితం, కిణ్వన పాత్రల రూపకల్పన, ఉత్పత్తి ప్రక్రియలకు ప్రాధాన్యం ఎక్కువ. టీకాలు, ఎంజైములు, ఔషధ పరిశ్రమలకు ఇది దగ్గర. మూడవది భారత వ్యవసాయ పరిశోధన మండలి పాఠ్యప్రణాళిక ననుసరించి కొన్ని రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు నిర్వహించే బీటెక్ బయోటెక్నాలజీ. ఇందులో పంటల సాగు, ప్రజననం వంటి అంశాలు కూడా ఉంటాయి.

వ్యవసాయ బీఎస్సీ ఆనర్స్ వీటన్నిటికీ భిన్నమైనది. నాలుగేళ్ళ ఈ చదువులో బయోటెక్నాలజీ ఒక భాగం మాత్రమే. సేద్య శాస్త్రం, మృత్తికా శాస్త్రం, కీటక శాస్త్రం, తెగుళ్ళ శాస్త్రం, విస్తరణ విద్య, చివరి సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ కార్యానుభవం కలిసి దీనికి వృత్తివిద్య స్వభావాన్నిస్తాయి. రాష్ట్ర వ్యవసాయ శాఖలో వ్యవసాయాధికారి ఉద్యోగానికి వ్యవసాయ పట్టాయే అర్హత. బయోటెక్నాలజీ పట్టా దానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ ఒక్క విషయాన్ని ప్రవేశానికి ముందే స్పష్టంగా చెప్పగలిగితే ఎన్నో కుటుంబాలకు మేలు చేసినవారమవుతాము.

పాఠ్యాంశం పైరుగా మారే తీరు

బయోటెక్నాలజీ విద్యార్థి చదివే అంశాలు పొలంలో ఎలా ఫలిస్తాయో తెలుసుకోవడానికి మెరుగుపరచిన సాంబ మసూరి చక్కని ఉదాహరణ. 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) సన్న గింజ, వంట నాణ్యతల వలన రైతుల, వినియోగదారుల ఆదరణ పొందింది. అయితే బాక్టీరియా ఎండాకు తెగులును ఇది తట్టుకోలేదు. ఈ తెగులును మందులతో సమర్థంగా అదుపు చేయడం కష్టం కనుక నిరోధక శక్తిని రకంలోనే కల్పించవలసి వచ్చింది. హైదరాబాదులోని నాటి వరి పరిశోధన సంచాలనాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ), సీసీఎంబీ కలిసి ఈ పని చేపట్టాయి. ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి చేర్చగా రూపొందిన రకం 2008లో విడుదలైంది. వీటిలో ఎక్స్‌ఏ21 మూలం ఆఫ్రికాకు చెందిన ఒక అడవి వరి జాతి.

ఇక్కడ జన్యుశాస్త్ర పాఠం అక్షరాలా ఉపయోగపడింది. ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 జన్యువులు అంతర్గతమైనవి. సాంబ మసూరితో పశ్చ సంకరణం చేసినప్పుడు వచ్చే మొక్కలో వీటి ప్రతి ఒక్కటి చొప్పున ఉన్నప్పటికీ వాటి నిరోధకత పైకి కనిపించదు. సంప్రదాయ పద్ధతిలో అయితే ప్రతి తరంలోను మొక్కలను స్వపరాగ సంపర్కానికి వదిలి, సంతానానికి తెగులు సోకించి పరీక్షించాలి. డీఎన్ఏ మార్కర్లతో అయితే నారు దశలోనే ఆకు ముక్క నుండి డీఎన్ఏ తీసి, పీసీఆర్ పరీక్షతో జన్యువు ఉన్నదీ లేనిదీ తేల్చవచ్చు.

గణాంక శాస్త్రం అవసరం కూడా ఇక్కడే తెలుస్తుంది. పశ్చ సంకరణం ద్వారా వచ్చిన మొక్కలలో మూడు జన్యువులూ ఉండేవి సగటున ఎనిమిదింటికి ఒకటి. చివరగా స్వపరాగ సంపర్కం తరువాత మూడు జన్యువులూ స్థిరపడిన మొక్క 64కు ఒకటి మాత్రమే. అటువంటి మొక్క కనీసం ఒకటైనా దొరుకుతుందని 95 శాతం నమ్మకం కలగాలంటే సుమారు 190 మొక్కలను పరీక్షించాలి. మొదటి సంకరంలో 50 శాతంగా ఉండే సాంబ మసూరి జన్యు వాటా నాలుగు పశ్చ సంకరణాల తరువాత సగటున 96.9 శాతానికి చేరుతుంది. ఈ లెక్క తెలియని విద్యార్థికి పీసీఆర్ యంత్రాన్ని నడపడం మాత్రమే తెలుస్తుంది. ఎన్ని మొక్కలు పెంచాలో తెలియదు.

ఈ రకం సంకరణం ద్వారా రూపొందినది కనుక జన్యుమార్పిడి పంట కాదు. ఈ తేడాను రైతులకు చెప్పవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలది. అలాగే ఎండాకు తెగులును తట్టుకున్నంత మాత్రాన ఈ రకం అగ్గి తెగులును తట్టుకోదు. నత్రజనిని మోతాదుకు మించి వేస్తే తెగుళ్ళ ఉధృతి పెరుగుతుంది. జన్యువు రకానికి రక్షణనిస్తుంది; యాజమాన్యం ఆ రక్షణను నిలబెడుతుంది.

ప్రయోగశాల పాఠం సరిపోని చోట

యాజమాన్యాన్ని విస్మరిస్తే ఏమవుతుందో ప్రత్తి పంట చూపించింది. 2002 మార్చిలో మన దేశంలో బీటీ ప్రత్తి సాగుకు అనుమతి లభించినప్పుడు, చేను చుట్టూ ఐదు వరుసలు లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది, బీటీ కాని ప్రత్తిని రెఫ్యూజీగా వేయాలనే నిబంధన ఉన్నది. రెఫ్యూజీలో బ్రతికిన మామూలు పురుగులు నిరోధక శక్తి గల పురుగులతో జతకడితే, నిరోధక శక్తి అంతర్గత లక్షణమైనప్పుడు, సంతానం బీటీ విషానికి లొంగుతుంది. ఈ సూత్రం నిర్దుష్టమైనదే. కాని ఎందరో రైతులు రెఫ్యూజీ విత్తనాలను విత్తలేదు. గులాబి రంగు కాయ తొలుచు పురుగు దాదాపు పూర్తిగా ప్రత్తిపైనే ఆధారపడుతుంది కనుక ఇతర పంటల నుండి మామూలు పురుగులు వచ్చి కలిసే అవకాశం తక్కువ. చివరి ఏరుతల కోసం పంటను వేసవి వరకు పొడిగించడం పురుగుకు మరింత అనుకూలించింది. తొలుత ఒక బీటీ జన్యువుకు, తరువాత రెండు జన్యువుల ప్రత్తికి కూడా ఈ పురుగు నిరోధక శక్తిని సంతరించుకున్నది.

బీటీ జన్యువు పనిచేసే విధానాన్ని బయోటెక్నాలజీ విద్యార్థి చక్కగా వివరించగలడు. రైతు రెఫ్యూజీని ఎందుకు విత్తలేదో, పంటను సకాలంలో ఎందుకు ముగించలేదో తెలియాలంటే సేద్య శాస్త్రం, కీటక శాస్త్రం, విస్తరణ విద్య కావాలి. ఈ లోటును పూరించుకోవడమే పట్టా విద్యార్థి ముందున్న అసలు పని.

జన్యు సవరణ విషయంలోను ఇదే వర్తిస్తుంది. బయటి డీఎన్ఏ మిగలని కొన్ని రకాల జన్యు సవరణ మొక్కలకు 2022 మార్చిలో కేంద్ర ప్రభుత్వం నిబంధనలను సడలించింది. 2025 మే నెలలో ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాలలో డీఆర్ఆర్ ధాన్ 100కు సాంబ మసూరి, పూసా డీఎస్టీ రైస్ 1కు మారుటేరు నుండి వచ్చిన ఎంటీయూ 1010 మూలాలు. నవీన సాధనం ఎంత పదునైనదైనా అది పనిచేయడానికి రైతు మెచ్చిన రకం ముందుగా ఉండాలి.

చేరేముందు విచారించవలసినవి

కళాశాల ప్రచార పత్రం కంటే ఈ క్రింది అంశాలు ముఖ్యం.

1. ప్రయోగశాలలో పీసీఆర్, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, కణజాల వర్ధన సదుపాయాలు ఉన్నవా? విద్యార్థి స్వయంగా ప్రయోగం చేస్తాడా, ప్రదర్శనను చూసి రికార్డు వ్రాస్తాడా?

2. గణాంక శాస్త్రం, బయోఇన్ఫర్మాటిక్స్ బోధించే అధ్యాపకులు ఉన్నారా? గణితాన్ని పదవ తరగతితో వదిలిన బైపీసీ విద్యార్థికి ఇది మరింత అవసరం.

3. చివరి సంవత్సరంలో పరిశోధన సంస్థలో గాని, పరిశ్రమలో గాని ప్రాజెక్టు చేసే వీలున్నదా?

4. ఏ పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సుకు, ఏ ఉద్యోగానికి ఈ పట్టా అర్హతగా చెల్లుతుంది? దీనికి సీనియర్ల మాట చాలదు. ఆయా ప్రకటనలలోని అర్హతల భాగాన్ని చదవాలి.

పట్టా తరువాత

బయోటెక్నాలజీలో బీఎస్సీ చాలామందికి గమ్యం కాదు, మజిలీ. పరిశోధన రంగానికి ఎమ్మెస్సీ, ఆపై పీహెచ్‌డీ అవసరం. ఇందుకు గ్యాట్-బీ, ఐఐటీల జామ్ పరీక్షలోని బయోటెక్నాలజీ పత్రం, సీయూఈటీ పీజీ వంటి మార్గాలున్నవి. రెండవ సంవత్సరం నుండే సిద్ధపడడం మంచిది. పట్టాతోనే ఉద్యోగం కోరేవారికి విత్తన కంపెనీలలో జన్యు స్వచ్ఛత పరీక్షలు, అరటి వంటి పంటల కణజాల వర్ధన కేంద్రాలు, జీవన ఎరువుల, జీవ నియంత్రణ కారకాల తయారీ యూనిట్లు, హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని టీకా పరిశ్రమలు కొంత అవకాశం కల్పిస్తాయి. అక్కడ మార్కుల కంటే చేతిపనిలో నైపుణ్యాన్నే ముందుగా చూస్తారు.

వ్యవసాయ నేపథ్యం గల విద్యార్థికి ఇతరులకు లేని ఒక బలమున్నది. పంట ఏ దశలో, ఏ నేలలో, ఏ వాతావరణంలో దెబ్బతింటుందో ఇంటి పొలంలోనే చూసి ఉంటాడు. సెలవులలో సమీప పరిశోధన స్థానంలో రకాల పరీక్షా క్షేత్రాలను పరిశీలించి, ప్రజనన శాస్త్రవేత్తలతోను, సేద్య శాస్త్రవేత్తలతోను మాట్లాడితే ఆ అనుభవం శాస్త్రీయ ప్రశ్నగా మారుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు ఇటువంటి విద్యార్థులను తమ క్షేత్ర సందర్శనలకు ఆహ్వానించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

కనుక ఆ తండ్రికి చెప్పవలసినది ఇది: బయోటెక్నాలజీ వ్యవసాయ బీఎస్సీకి బదులు కాదు, వ్యవసాయాధికారి ఉద్యోగానికి దారి కాదు. మరికొన్నేళ్ళు చదివే ఓపిక, ప్రయోగాలపై ఆసక్తి అమ్మాయికి ఉంటే, కళాశాలను చూసి ఎంచుకుంటే, అది యోగ్యమైన చదువే. ఆ రెండూ ఉన్నవో లేవో మొదట ఆమెనే అడగాలి.