ఆదివారం నాన్న

శనివారం రాత్రి ఆ ఇంట్లో తల్లికీ, కొడుక్కీ నిద్ర పట్టదు. తెల్లారితే నాన్నను చూడొచ్చని వాడికి సంబరం. ఆ గొంతు మళ్లీ గుమ్మంలో వినపడుతుందేమోనని ఆమెకు గుబులు. చేయి చేసుకున్న భర్త ఆమె జోలికి రాకూడదని కోర్టు చెప్పింది. మరి బిడ్డ కోసం వస్తే?

గృహహింస కేసు వేసిన ఎందరో తల్లుల సందేహమిది. జవాబు చట్టంలోనే ఉంది.

2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకొచ్చింది. దాని 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తారు. భర్త ఆమె పనిచేసే చోటికి వెళ్లకుండా, ఫోన్లో సైతం పలకరించకుండా కట్టడి చేయొచ్చు. 21వ సెక్షన్ పిల్లలది. కేసు నడుస్తుండగానే బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించి, తండ్రి ఎలా చూడాలో మేజిస్ట్రేటు నిర్ణయించవచ్చు. ఆ కలయిక బిడ్డకు చేటు అనిపిస్తే మాత్రం అనుమతించకూడదు.

చిక్కంతా ఆ 'ఎలా' దగ్గరే. 'ఆదివారం చూడవచ్చు' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ప్రతి ఆదివారం ఓ గొడవే.

ఉత్తర్వులో ఇవి ఉన్నాయా?

* ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు?
* ఎక్కడ? ఇంటి కన్నా కోర్టు ఆవరణ వంటి చోటు నయం.
* ఎవరు తీసుకొస్తారు? తల్లికి బదులు తాతయ్యో, మేనమామో వెళ్లవచ్చా?
* రావడం కుదరకపోతే కబురు ఎవరి ద్వారా?
* వీడియోకాల్‌కు వీలుందా? 2020లో ఓ తీర్పులో సుప్రీంకోర్టు దీన్నీ ప్రస్తావించింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కని అదే తీర్పులో చెప్పింది.

ఇవి లేకపోతే చేర్చమని లాయరు ద్వారా కోర్టును కోరవచ్చు. రక్షణాధికారి సాయమూ తీసుకోవచ్చు.

బిడ్డ వంకతో తండ్రి రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, లేదా రూ.20,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తల్లి కూడా కోపంతో తనంతట తాను కలయికను ఆపేయకూడదు. పరిస్థితి మారితే 25వ సెక్షన్ కింద ఉత్తర్వు మార్చమని అడగవచ్చు. ప్రమాదం ముంచుకొస్తే మాత్రం ముందు 112కి ఫోన్ చేయాలి.

మరో మాట. 'అమ్మ ఎవరితో మాట్లాడుతోంది?', 'నాన్న ఏమన్నాడు?' అని వాడిని ఆరా తీయకండి. ఆ రెండు గంటలూ వాడివి. కబుర్లు మోసే పని వాడికి పెట్టొద్దు!