గ్లాసులో ఐసుముక్క చెప్పే సంగతి

ఎండాకాలం మజ్జిగలో ఐసుముక్క వేసుకుంటాం. అది మునగదు, తేలుతుంది. నీళ్లు గడ్డకడితే ఉబ్బి తేలికవుతాయి కదా! మరి ఆ ముక్కే మేడంత ఉంటే?

మన ఉద్దానం పల్లెల నుంచి ఓడ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లున్నారు. మీవారో, మరిదిగారో చలిదేశాల వైపు వెళ్లి ఉంటే అడిగి చూడండి. అమెరికాలోని అలాస్కాలో గ్లేసియర్ బే ఉంది. ఎత్తైన కొండల మధ్యకు సముద్రం పాయలా చొచ్చుకుపోయిన చోటు. అలాంటి పాయను ఫ్యోర్డ్ అంటారు. ఓడ మెల్లగా వెళ్తుంటే తెల్లటి, నీలపు మంచుగడ్డలు తేలుతూ ఎదురొస్తాయి. పైకి కనిపించేది పదోవంతే, మిగతాదంతా నీళ్లలోనే! కొన్నిటి మీద సీల్ జంతువులు సేదదీరుతుంటాయి. కరుగుతున్న గడ్డలోంచి గాలిబుడగలు పగిలి, తాలింపులో ఆవాల్లా చిటపటమంటాయి.

ఈ గడ్డలన్నీ కొండల మీంచి జారివచ్చే హిమానీనదాల నుంచి విరిగిపడ్డవే. అక్కడి మార్జరీ హిమానీనదం పొడవు సుమారు 34 కిలోమీటర్లు. 1794లో కెప్టెన్ వాంకూవర్ మనుషులు వచ్చినప్పుడు ఈ పాయ దాదాపు అంతా మంచే. 1879లో జాన్ మ్యూర్ చూసేసరికి ఆ మంచు చాలా దూరం వెనక్కి పోయింది.

ఎక్కడో మంచు కరిగితే మనకేమిటంటారా? ఈ ఆదివారం పిల్లలతో ఇలా చేసి చూడండి. రెండు గ్లాసుల్లో సగం దాకా నీళ్లు పోయండి. ఒకదాంట్లో ఐసుముక్కలు వేయండి. రెండోదాని మీద టీ వడకట్టే జాలీ పెట్టి, అందులో ఐసు ఉంచండి. రెండింటికీ నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. కరిగాక మొదటి గ్లాసులో నీళ్లు పెరగవు, రెండోదాంట్లో పెరుగుతాయి. అంటే తేలే ఐసు కరిగినందుకు కాదు, నేలమీది మంచు నీళ్లలో చేరినందుకే మట్టం పెరుగుతుందన్నమాట.

ఇలా చేరే మంచునీటి వల్లా, వేడెక్కి నీళ్లు వ్యాకోచించడం వల్లా 1900 నుంచి ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడంతే కదా అనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి మనం మరిచిపోలేం. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. సముద్రం ఎంత పెరిగితే అలాంటి తుపాన్లప్పుడు ఉప్పెన అంత లోపలికొస్తుంది.

బారువలోనో, భావనపాడులోనో ఒడ్డున నిలబడినప్పుడు, ఆ మంచుకొండలూ మనకు ఇరుగుపొరుగేనని గుర్తు చేసుకోండి.