సూరత్ పొగగొట్టాల లెక్క

సూరత్‌లో నేసిన గుడ్డకు రంగు పట్టాలంటే ఆవిరి కావాలి. దానికోసం పాండేసర, సచిన్, పల్సానా పారిశ్రామిక వాడల్లో డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల బాయిలర్లు రేయింబవళ్లు బొగ్గు, లిగ్నైట్ మండిస్తాయి. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వెళ్లి లింబాయత్ వైపు స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు పీల్చేదీ ఆ గాలే.

ఏ పొగగొట్టం ఎంత ధూళి వదులుతోందో ప్రభుత్వానికి చాలాకాలం సరిగ్గా తెలియదు. కాగితాల మీద మాత్రం అంతా సవ్యంగానే ఉండేది. ధూళికి పరిమితి ఘనమీటరుకు 150 మిల్లీగ్రాములు. అప్పట్లో కొలిచే ఆడిటర్‌ను ఎంచుకునేదీ, ఫీజు ఇచ్చేదీ ఫ్యాక్టరీయే. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయాన్ అహ్మదాబాద్, సూరత్ ఫ్యాక్టరీల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ గుట్టు విప్పింది. ఆడిటర్ల లెక్కలో ధూళి పరిమితి దాటినవి 7 శాతం. మళ్లీ వెళ్లి కొలిస్తే 59 శాతం! నివేదికల్లోని అంకెల్లో చాలావరకు 150కి కాస్త దిగువన గుంపుగా చేరి కనిపించాయి. ఆడిటర్‌ను లాటరీ పద్ధతిలో కేటాయించి, ఫీజు ఉమ్మడి నిధి నుంచి చెల్లించి, అక్కడక్కడా తిరిగి తనిఖీ చేయించేసరికి అంకెలు నిజానికి దగ్గరయ్యాయి. ఆ ఫ్యాక్టరీల కాలుష్యమూ తగ్గింది.

తర్వాతి అడుగు, మధ్యలో మనిషి లేకుండా కొలవడం. పొగగొట్టం పక్కన రంధ్రం చేసి లోపలికి ఒక లోహపు కడ్డీ దింపుతారు. పొగతోపాటు దూసుకుపోయే ధూళి రేణువులు దాన్ని తాకినప్పుడు, రాసుకుంటూ పోయినప్పుడు అతి స్వల్పమైన విద్యుదావేశం పుడుతుంది. ధూళి పెరిగితే ఆ సంకేతమూ పెరుగుతుంది. కానీ అది విద్యుత్ సంకేతమే తప్ప మిల్లీగ్రాములు కాదు. అందుకే ముందుగా సిబ్బంది పొగగొట్టం ఎక్కి, తూకం వేసిన ఫిల్టర్ గుండా పొగను లాగి, ఫిల్టర్ బరువు ఎంత పెరిగిందో చూసి పరికరాన్ని సరిచేస్తారు. ఈ కాలిబ్రేషన్ తప్పితే ఈ మీటరు నుంచి కాలుష్య నియంత్రణ మండలి సర్వర్‌లోకి వచ్చే లక్షల అంకెలూ వృథాయే. ఏ డేటాకైనా అసలు ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇలా అందే సమాచారం ఆధారంగా గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో సూరత్‌లో ధూళికి మార్కెట్ తెరిచింది. ధూళి కణాల విషయంలో ప్రపంచంలో ఇదే మొదటిది. అన్ని ఫ్యాక్టరీలూ కలిసి ఎన్ని టన్నులు వదలవచ్చో ముందే హద్దు గీస్తారు. వదిలే ప్రతి కిలోకూ పర్మిట్ ఉండాలి. బ్యాగ్ ఫిల్టర్లు శుభ్రంగా పెట్టుకుని ధూళి తగ్గించినవాళ్లు మిగిలిన పర్మిట్లు అమ్ముకుంటారు, తగ్గించలేనివాళ్లు కొనుక్కుంటారు. కరెంటు మీటరు లేకుండా బిల్లు వేయలేనట్టే, నమ్మదగిన రీడింగ్ లేనిదే ఈ బేరం సాగదు.

ఈ మార్కెట్‌ను పరీక్షించిన ప్రయోగంలో 317 ఫ్యాక్టరీలు పాల్గొన్నాయి. లాటరీలో 162 మార్కెట్‌లోకి వచ్చాయి, మిగతావి పాత నిబంధనల కిందే ఉండిపోయాయి. మీటర్లు మాత్రం రెండు వర్గాలకూ పెట్టారు. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం మార్కెట్ ఫ్యాక్టరీల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. తాము వదిలినదానికి సరిపడా పర్మిట్లు చూపడంలో అవి 99 శాతం మాట నిలుపుకున్నాయి. పాత నిబంధనల కింద ఉన్నవాటిలో కనీసం మూడో వంతు పరిమితి దాటుతూనే వచ్చాయి. అక్కడా మీటర్లు పనిచేశాయి, అంకెలు వచ్చాయి. ఆ అంకెకు ఖరీదు కట్టిన చోటే పొగ పలచబడింది.

ఈ తేడా మన తెలుగు రాష్ట్రాలకూ పట్టాలి. ఎక్కువ కాలుష్యం వెదజల్లే 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. సిమెంటు, థర్మల్ విద్యుత్, ఔషధ పరిశ్రమలు ఆ జాబితాలోవే. పటాన్‌చెరు, పరవాడ ఫ్యాక్టరీల పక్కన బతికేవాళ్లు అడగాల్సింది మీటరు ఉందా అని మాత్రమే కాదు. దాన్ని చివరిసారి ఎవరు, ఎప్పుడు సరిచూశారు, రీడింగ్ హద్దు దాటిన రోజున ఎవరు ఎంత చెల్లించారు అని కూడా.