మళ్లీ ఎక్కిన ఓడ

రామచంద్రపురంలో ఏ పాత మండువా ఇంటి ముందో ఆగి, ఆ టేకు ద్వారబంధం ఎంత బాగుందని అనండి. "రంగం కలపండీ" అంటారు ఇంటివాళ్లు. రంగం అంటే రంగూన్. ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో కాకినాడ రేవు. స్టీమరు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరేసుకుంటే, జనం మూటాముల్లెతో పడవల్లో వెళ్లి ఎక్కేవారు. ఎంతమంది పోయారంటే, బర్మాలో తెలుగు కూలీకి మన కోరంగి రేవు పేరే పేరైపోయింది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. ఓడ మాటెత్తితే గుండెలు గుభేలుమన్న రోజులవి. రంగూన్ అప్పటికే జపాన్ చేతిలో పడింది. బొంబాయి నుంచి ఆఫ్రికా దారి మాత్రం ఇంకా నడుస్తోంది.

ఆ దారిన వెళ్లింది తిలావా. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ, 10,000 టన్నులది. 1942 నవంబర్ 20న 732 మంది ప్రయాణికులతో బొంబాయిలో బయల్దేరింది. ఎక్కువమంది గుజరాతీ కుటుంబాలవాళ్లు. సిబ్బందితో కలిపి మొత్తం 958 మంది. ఓడ చివరి మజిలీ డర్బన్ మనకు కొత్త ఊరేం కాదు. చెరకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుంది.

23 తెల్లవారుజామున, సీషెల్స్‌కి ఇంకా 930 మైళ్లుందనగా, ఐ-29 అనే జపాన్ జలాంతర్గామి టార్పెడో వదిలింది. నిద్రలో ఉన్నవాళ్లు కట్టుబట్టలతో పైకి పరుగెత్తారు. పడవల కోసం తొక్కిసలాట. కొందరు దిగారు, కొందరు నీళ్లలో పడ్డారు. ఓడ మాత్రం మునగలేదు. కాసేపు చూశారు. ఇక ఫరవాలేదనుకుని పడవల్లోవాళ్లు కొందరు తిరిగి ఓడెక్కడం మొదలెట్టారు. మొదటి దెబ్బ తగిలిన గంటకి రెండో టార్పెడో వచ్చింది.

నన్ను వదలనిది ఆ గంటే. చీకట్లో నడిసముద్రంలో ఊగే చిన్న పడవ కన్నా, దెబ్బతిన్నా నిలబడే ఉన్న ఓడ మీద నమ్మకం పెట్టుకోవడం తప్పెలా అవుతుంది?

280 మంది పోయారు. మిగిలినవాళ్లు రెండు రోజులు నీళ్ల మీదే ఉన్నాక, 25న బర్మింగ్‌హామ్ అనే యుద్ధనౌక వచ్చి దాదాపు అందరినీ ఎక్కించుకుంది. 27న బొంబాయి చేర్చింది.

తిలావా అడుగున 2,391 వెండి కడ్డీలున్నాయి, దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేల కోసం కొన్నవి. 2017లో ఓ కంపెనీ వాటిలో 2,364 పైకి తీసింది. ఆ వెండి మీద నడిచిన వ్యాజ్యం 2024లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఓడ పేరు పేపర్లకెక్కింది కూడా ఎక్కువగా ఆ వెండి పుణ్యమానే.

ఇక ఐ-29 సంగతి. మన పిల్లలు బడిలో ఈ జలాంతర్గామి గురించి పేరు తెలియకుండానే చదువుతారు. తిలావా మునిగిన ఐదు నెలలకి, 1943 ఏప్రిల్ 28న, మడగాస్కర్ దగ్గరి సముద్రంలో జర్మన్ జలాంతర్గామి నుంచి రబ్బరు తెప్ప మీద, తడిసి ముద్దై, నేతాజీ ఎక్కింది దీన్లోకే. ఆయన వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు మన హైదరాబాదీ, 'జై హింద్' నినాదాన్ని అందించిన ఆబిద్ హసన్. ఒక కథ ఊరూరా విగ్రహాలైంది. రెండోది చనిపోయినవాళ్ల ఇళ్లలోనే మిగిలింది. జలాంతర్గామి ఒకటే, కెప్టెన్ కూడా ఒకరే, ఇజూ.

నేతాజీ ఎక్కిన మర్నాడు జపాన్ చక్రవర్తి పుట్టినరోజు. ఇజూ పై అధికారి తెరవోకా తన గదిని నేతాజీకి ఖాళీ చేసిచ్చాడు. నెలల తరబడి జర్మన్ తిండి తిన్న ఆ ఇద్దరు అతిథుల కోసం, సిబ్బంది పెనాంగ్‌లో ముందే కొనిపెట్టుకున్న మన మసాలాలతో వేడివేడిగా కూర వండి వడ్డించారు.