తొమ్మిది మందికి ఎన్ని గదులు?

కనిగిరి మీదుగా పోయే 565వ నంబరు జాతీయ రహదారి మార్కాపురం, యర్రగొండపాలెం, మాచర్ల, నాగార్జునసాగర్, నల్గొండ దాటి నకిరేకల్ దగ్గర విజయవాడ–హైదరాబాద్ రహదారిలో కలుస్తుంది. రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్నది ఆ దారిలోనే, ఇంకా హైదరాబాద్ ఊళ్లోకి పోకముందే. కనిగిరి నుంచి అక్కడికి మొత్తం మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని మధ్యలో ఆగుతూ పోతే ఏడెనిమిది గంటలు పడుతుంది.

వేసవి సెలవులు మొదలై, పొగాకు వేలం డబ్బులు చేతిలో పడే రోజుల్లో మన వైపు చాలా ఇళ్లలో ఈ ప్రయాణం మాట వస్తుంది. హైదరాబాద్‌లో ఒక కొడుకు, బెంగళూరులో ఒక కొడుకు, ఊళ్లో అమ్మానాన్నలు. అందరూ కలిసి రెండు రోజులు గడపాలి, పిల్లలకు సరదా తీరాలి. ఏ పార్కుకు పోవాలో వారం రోజులు మాట్లాడుకుంటారు. బండి ఎవరిదో, టికెట్లు ఎంతో ముందే తేలుతుంది. గదుల సంగతి మాత్రం చివరి రోజు ఫోన్లో అయిపోతుంది: ‘రెండు తీసుకో, సర్దుకుందాం.’ ఆ సర్దుబాటులో ఎంత మిగులుతుందో, ఎంత పోతుందో అంకెల్లో చూస్తే మూడో గది తీసుకోవడమే మేలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. తాతకు 74, నాయనమ్మకు 68. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. మనవరాలికి 13, మనవడికి 8, చిన్నదానికి 3. మొత్తం తొమ్మిది మంది. గది రోజుకు రూ.4,000, అదనపు పరుపుకు రూ.1,000 అనుకుందాం. అసలు ధరలు హోటల్‌ను బట్టి, రోజును బట్టి మారతాయి. మీకు చెప్పిన రేటు ఇందులో పెట్టుకుని చూసుకోవచ్చు.

రెండు గదులు, మూడు అదనపు పరుపులు తీసుకుంటే రూ.11,000. జీఎస్టీ 5 శాతం కలిపితే రూ.11,550. మూడు గదులు, ఒక పరుపు తీసుకుంటే రూ.13,000, పన్నుతో రూ.13,650. తేడా రాత్రికి రూ.2,100. తొమ్మిది మందికి పంచితే తలకు రూ.233 పైన కొంచెం. పార్కు లోపల ఒక్కపూట చిరుతిండికి అయ్యేంత.

ఇక మూడో దారి ఉంది. అందరం ఒకే చోట ఉండొచ్చని పెద్ద సూట్ ఒకటి తీసుకోవడం. రోజుకు రూ.12,000 అనుకుంటే ఇక్కడ పన్ను మారిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి గదికి రోజుకు రూ.7,500 వరకు జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు అది 12 శాతం ఉండేది. రూ.7,500 దాటిన గదికి మాత్రం 18 శాతం అలాగే ఉంది. కాబట్టి సూట్‌కు పన్నే రూ.2,160 అవుతుంది, బిల్లు రూ.14,160కి చేరుతుంది. అదే రూ.12,000 నాలుగేసి వేల చొప్పున మూడు గదులుగా విడిపోతే పన్ను రూ.600. ఈ పరిమితి ఒక్కో గదికి చూస్తారు, కుటుంబం మొత్తానికి కాదు. ఆ గీత దగ్గర ఎంత తేడా వస్తుందో చూడండి: రూ.7,500 గదికి పన్నుతో రూ.7,875, రూ.7,600 గదికి రూ.8,968. రేటు వంద పెరిగితే బిల్లు రూ.1,093 పెరిగింది. ఏడున్నర వేలకు కాస్త అటూ ఇటూ ఉన్న గదులు చూస్తున్నప్పుడు ‘ట్యాక్స్‌తో కలిపి ఎంత’ అని అడగకుండా మాట ఇవ్వకండి.

డబ్బు లెక్క అయింది. అసలు లెక్క స్నానాల గదిది.

పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి అరగంట, మిగతావాళ్లకు పావుగంట వేసుకుందాం. రెండు గదులైతే తాత, నాయనమ్మలతో ఇంకో ముగ్గురు ఉంటారనుకుందాం. ఆ ఐదుగురికీ ఒకటే బాత్రూమ్: గంటా ముప్పావు. ఎనిమిదికి టిఫిన్‌కు దిగాలంటే ఆరుంబావుకు మొదలుపెట్టాలి. మూడు గదులైతే పెద్దవాళ్లతో మనవరాలు ఒక్కతే. మొత్తం గంటంబావు. అందులోనూ వాళ్లు ఎలాగూ తెల్లవారుజామున ఐదింటికే లేస్తారు కాబట్టి, ఆ గంట ఎవరికీ అడ్డం రాకుండా అయిపోతుంది. మిగతా రెండు గదుల్లో ముగ్గురేసి, ముప్పావుగంటేసి. చిన్నపిల్ల ఏడింటిదాకా నిద్రపోవచ్చు. సరిగ్గా నిద్రపోయిన మూడేళ్ల పిల్ల మధ్యాహ్నం పార్కులో పేచీ పెట్టడం తక్కువ. ఆ సంగతి తల్లులకు నేను చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అమ్మానాన్నలను ఫ్లోరిడాలోని డిస్నీకి తీసుకుపోతుంటారు. అక్కడ 2012లో తెరిచిన ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ రిసార్ట్‌లో 1,120 ఫ్యామిలీ సూట్లు ఉన్నాయి. ఒక్కోదానిలో ఆరుగురు పడుకోవచ్చు, బాత్రూములు రెండు. అంటే ముగ్గురికి ఒకటి. మన తొమ్మిది మందికి మూడు గదులు అన్నా అదే నిష్పత్తి.

రెండు గదులే తీసుకుని ఒకదానిలో ఐదుగురు పడుకుంటే రాత్రి ఎలా ఉంటుందో కూడా చూద్దాం. కేంద్ర పర్యాటక శాఖ స్టార్ వర్గీకరణలో ఒక స్టార్ హోటల్ గదికి ఉండాల్సిన కనీస వైశాల్యం, బాత్రూమ్ కాకుండా, 120 చదరపు అడుగులు. ఐదు స్టార్లకు 200. మామూలు డబుల్ కాట్ ఆరు అడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు: 39 చదరపు అడుగులు. అదనపు పరుపు ఒక్కొక్కటి ఆరు బై మూడు: 18. కాట్, రెండు పరుపులు కలిపి 75. నూట ఇరవైలో మిగిలింది 45. అందులోనే అల్మరా, బల్ల, కుర్చీ, ఐదుగురి పెట్టెలు, తలుపు తెరుచుకోవడానికి చోటు. హోటల్ కుర్రాడు రాత్రి పదింటికి పరుపు తెచ్చి, ఖాళీ ఎక్కడుందా అని చూసి, కాట్‌కూ బాత్రూమ్ తలుపుకూ మధ్య వేసి పోతాడు. ఇంక చోటు ఉండదు మరి. షుగరో, ప్రోస్టేటో ఉన్న తాత రాత్రి రెండుమూడుసార్లు లేస్తాడు. లేచిన ప్రతిసారీ చీకట్లో, గోడ పట్టుకుని, పడుకున్న మనవడిని దాటుకుని పోవాలి. పెద్దవాళ్లు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది ఇలాంటి చోటే. అందుకే పెద్దవాళ్లున్న గదిలో కింద పరుపు వేయించొద్దని నా మాట. మనవరాలు నాయనమ్మ పక్కన పడుకుంటానంటే కాట్ మీదే పడుకోనివ్వాలి. లేదా మూడు కాట్లున్న గది అడగాలి. అదనపు పరుపు వేయించాల్సివస్తే అది కొడుకుల గదిలో వేయించాలి.

కనిగిరి ప్రాంతం వాళ్లకు ఇక్కడ ఇంకో లెక్క ఉంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు పర్లేదని భారతీయ ప్రమాణం చెబుతుంది. మన పల్లెల బోరు నీళ్లలో అంతకు మించి ఉండడం కొత్త సంగతేమీ కాదు. దశాబ్దాలు ఆ నీళ్లు తాగినవాళ్లకు కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగదు, మెడ తిరగదు. అలాంటి నాయనమ్మ మెట్లు దిగడం చూడండి. గోడ వైపు తిరిగి, రెండు చేతులూ ఆనించి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, ఆగి, మళ్లీ దిగుతుంది.

లిఫ్టు లేని లాడ్జిలో అంతస్తు ఎత్తు పది అడుగులు, మెట్టు ఎత్తు ఆరంగుళాలు అనుకుంటే అంతస్తుకు 20 మెట్లు. రెండో అంతస్తుకు 40. టిఫిన్‌కు ఒకసారి, పార్కుకు ఒకసారి, రాత్రి భోజనానికి ఒకసారి దిగి ఎక్కితే రోజుకు 240 మెట్లు. ‘లిఫ్ట్ ఉంది’ అన్నా సరిపోదు. కరెంటు పోతే జనరేటర్ మీద ఆ లిఫ్ట్ నడుస్తుందా అని అడగాలి. లిఫ్ట్ దగ్గరికి పోవడానికే బయట ఆరేడు మెట్లు ఉన్న హోటళ్లు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లకు కింది అంతస్తు గది దొరికితే, దాని కిటికీ లోంచి గోడ తప్ప ఏమీ కనిపించకపోయినా, అదే తీసుకోవాలి.

బాత్రూమ్ విషయంలో అడగాల్సినవి: వెస్ట్రన్ కమోడ్ ఉందా, గుమ్మం దగ్గర మెట్టు ఉందా, గోడకు పట్టుకోవడానికి కడ్డీ ఉందా, ప్లాస్టిక్ స్టూలు ఇస్తారా. షవర్ కింద నిలబడి స్నానం చేయలేనివాళ్లకు ఒక స్టూలు, బకెట్, చెంబు ఉంటే చాలు, ఎంతో నిశ్చింత. చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే తలుపు వెడల్పు టేపుతో కొలిచి చెప్పమనండి. స్టార్ వర్గీకరణ ఉన్న హోటళ్లలో దివ్యాంగులకు కనీసం ఒక గది ఉండాలన్నది నిబంధన. ఉన్నది ఒక్కటే అయితే అది ముందు అడిగినవాళ్లకే దక్కుతుంది.

ఇక గది ఎక్కడ తీసుకోవాలి? 1996లో మొదలైన ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తింపు పొందింది. అంత పెద్దది కాబట్టే లోపల బస్సుల్లో తిప్పుతారు. లోపలే బసలున్నాయి: సితార ఖరీదైనది, తార దాని తర్వాతది, శాంతినికేతన్ పొదుపైనది, సహారా పెద్ద గుంపులకు వీలైనది, ఇవికాక వసుంధర విల్లా. బయట ఉండాలంటే ఎల్.బి.నగర్ సుమారు పాతిక కిలోమీటర్లు. ట్రాఫిక్‌ను బట్టి పోను గంట, రాను గంట. రేటు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: లోపలి హోటల్ చెప్పే ప్యాకేజీలో పర్యటన టికెట్లు కలిసి ఉన్నాయా లేదా తేల్చుకోవాలి. పార్కు టికెట్ మీద జీఎస్టీ 18 శాతం. కలిసి ఉంటే తొమ్మిది టికెట్ల ఖరీదూ, ఆ పన్నూ తీసేశాకే బయటి లాడ్జితో పోల్చాలి. అప్పుడు తేడా చాలాసార్లు మనం అనుకున్నంత ఉండదు.

నా వరకు, పెద్దవాళ్లుంటే లోపలి బసే మేలు. మే నెల ఎండలో తాత రోజంతా తిరగలేడు. మధ్యాహ్నం రెండింటికి అలసిపోతే గదికి పోయి పడుకోవాలి. బయట గది తీసుకుంటే ఒక్కరి కోసం బండి పాతిక కిలోమీటర్లు వెనక్కి రావాలి, లేదా ఆయన సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోవాలి. ఆయన కూర్చునే ఉంటాడు, పిల్లల సరదా పాడుచేయడం ఇష్టంలేక ఒక్క మాటా అనడు. అందుకే ఈ ఏర్పాటు మనమే ముందుగా చేయాలి. మధ్యలో హోటల్‌కు తిరిగి రావడానికి ఏ బస్సు, ఏ వేళకు దొరుకుతుందో బుకింగ్ రోజే అడిగి పెట్టుకోవాలి.

వండర్‌లా కూడా చూడాలంటే లెక్క మారుతుంది. 2016 ఏప్రిల్‌లో తెరిచిన ఆ పార్కు రావిర్యాలలో ఉంది, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర. ఫిల్మ్ సిటీ వైపు నుంచి వచ్చేవాళ్లు ఔటర్ ఎక్కేది పెద్ద అంబర్‌పేట 11వ ఎగ్జిట్ దగ్గర. రెండు పార్కులూ చూడాలనుకుంటే హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్.బి.నగర్ చుట్టుపక్కల ఒకే చోట మూడు గదులు తీసుకుని, వండర్‌లా రోజున పెద్దవాళ్లను గదిలోనే విశ్రాంతిగా ఉండనివ్వడం మంచిది. అక్కడ ఉన్నవి చాలావరకు ఎగిరే, జారే, తడిసే ఆటలే. బెంగళూరు కొడుకు వైపు కలుసుకునేట్టయితే బిడది వండర్‌లాకు ఆనుకునే 84 గదుల రిసార్ట్ ఉంది. పార్కులో ఆడేవాళ్లూ గదిలో పడుకునేవాళ్లూ ఒకే చోట ఉండొచ్చు.

పిల్లల లెక్క ఒక్కో చోట ఒక్కో తీరు. హోటల్ వాళ్లు వయసు అడుగుతారు, వండర్‌లాలో ఎత్తు కొలుస్తారు: 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 140 వరకు పిల్లల టికెట్, దాటితే పెద్దల టికెట్. పదమూడేళ్ల మనవరాలికి ఎత్తును బట్టి పెద్దల టికెట్టే పడొచ్చు. హోటల్లో ఎన్నేళ్ల దాకా ఉచితమో, ఆ ఉచితంలో టిఫిన్ కూడా ఉందో లేదో ఒక్కో హోటల్‌ది ఒక్కో పద్ధతి. వయసు చూపించడానికి పిల్లల ఆధార్ కూడా పెట్టెలో వేసుకోండి.

మూడు గదులంటే పక్కపక్కనే ఉండాలి. ‘కనెక్టింగ్’ అంటే రెండు గదుల మధ్య లోపల తలుపు ఉంటుంది. ‘అడ్జాయినింగ్’ అంటే పక్క గది, అంతే. చిన్న పిల్లలున్నవాళ్లకు మొదటిది మంచిది, అయితే మధ్యరకం హోటళ్లలో అరుదు. ఏదైనా సరే, గదుల నంబర్లు వాట్సాప్‌లో రాయించుకోవాలి. ‘ఒకే ఫ్లోర్‌లో ఇస్తాం సార్’ అన్న మాట రద్దీ రోజున నిలవడం కష్టం.

చివరిగా, రాత్రి బస్సు సంగతి. కనిగిరిలో రాత్రి ఎక్కితే హైదరాబాద్‌లో తెల్లవారుజామున దిగుతారు. హోటల్ చెకిన్ మధ్యాహ్నం 12కో 2కో. ఐదింటికి దిగితే ఏడు నుంచి తొమ్మిది గంటలు పెద్దవాళ్లకు నడుం వాల్చే చోటు ఉండదు. మూడు గదులూ ముందు రాత్రి నుంచే తీసుకోనక్కర్లేదు. ఒక్క గది తీసుకుంటే చాలు, రూ.4,200. దిగగానే తాత, నాయనమ్మ, చిన్నపిల్ల అందులో పడుకుంటారు, మిగతావాళ్లు వంతులవారీగా స్నానాలు చేసి పోతారు. దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కపెట్టే లాడ్జీలూ ఉన్నాయి, వాటిలో ఆ ఖర్చు కూడా ఉండదు. ముందు రాత్రికి గది తీసుకుంటే తెల్లవారి ఐదింటికి వస్తామని హోటల్‌కు ఫోన్ చేసి చెప్పాలి. లేకపోతే రాలేదనుకుని గది వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.