పుస్తకాల్లో లేసు, లెక్కల్లో లేని చేతులు

గోలేటి టౌన్‌షిప్‌లో గానీ, మందమర్రి, గోదావరిఖని కాలనీల్లో గానీ కొన్నేళ్ల కిందటి బొగ్గు కంపెనీ క్వార్టర్లు ఎరిగినవాళ్లకు ముందుగదిలో టీవీ మీద పరిచిన తెల్లటి లేసు గుడ్డ గుర్తుండే ఉంటుంది. నడుమ ఒక పెద్ద పువ్వు, చుట్టూ చిన్న పువ్వులు, అంచంతా వంపులు వంపులుగా అల్లిక. దుమ్ము పడకుండా కప్పిందే అయినా, ఇంటికొచ్చినవాళ్ల చూపు ముందు దాని మీదే పడేది. ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు అని అడిగేవారు. ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుంటే అంత పని తెమిలిందో అడిగినవాళ్లు తక్కువ.

బొగ్గుబాయిలో పనికి లెక్కుంది. మస్టరు పడుతుంది, షిఫ్టుంది, తీసిన బొగ్గు టన్నుల్లో తేలుతుంది, జీతం మీద యూనియన్లు కొట్లాడతాయి. గడప లోపల కూర్చుని దారాన్ని పువ్వుగా మార్చే పనికి అవేవీ లేవు. సాహిత్యంలోనూ లేసుది దాదాపు ఇదే కథ. నవలల్లో, నాటకాల్లో, కవితల్లో అది కొల్లలుగా కనిపిస్తుంది. అయితే తొడుక్కున్న మనిషి మెడ మీదో, చేతి అంచునో కనిపిస్తుంది. అల్లిన మనిషి వైపు తల తిప్పి చూసిన రచయితలు కొద్దిమందే. ఆ కొద్దిమంది రాసింది చదవాలి. ఎందుకంటే అందులో ఒక పుస్తకం మన గోదావరి ఒడ్డు ఆడవాళ్ల గురించే.

గుడ్డకు పడుగు, పేక ఉంటాయి. లేసుకు అవి ఉండవు. దారం, దారానికీ దారానికీ మధ్య వదిలిన ఖాళీ, ఈ రెండే దాని సొత్తు. యూరప్‌లో ఒక పద్ధతి సూదితో కుట్టుకుంటూ పోయేది. ఇంకోదానిలో మెత్త మీద గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న బాబిన్లకు చుట్టిన దారాలను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ అల్లేవాళ్లు. మూడోది క్రోషే. కొక్కెం ఉన్న సూది ఒక్కటి, దారం ఉండ ఒక్కటి చాలు. మన నర్సాపురం లేసు ఈ మూడో రకం.

లేసు మీద ఫ్రాన్సులో ఒకప్పుడు ఎంత మోజుండేదో చెప్పే కవిత ఒకటుంది. 1660లో ఆడంబరాలను అదుపు చేసేందుకు రాజాజ్ఞ వచ్చింది, పరదేశపు లేసు మీద ఆంక్ష పడింది. మరుసటి ఏడాదే ఒక హాస్య కావ్యం వెలువడింది. అందులో వెనిస్ లేసు, జెనోవా లేసు వగైరాలన్నీ సమావేశమై, తమకు జరిగిన అవమానానికి రాజు మీద తిరుగుబాటు చేస్తాయి. ఊహ గొప్పదే. లేసులు మాట్లాడాయి, అలిగాయి, యుద్ధానికి బయల్దేరాయి. వాటిని అల్లినవాళ్లు మాత్రం ఆ సభకు రాలేదు.

జేన్ ఆస్టిన్ 1813 నాటి నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' మొదట్లోనే, నృత్యసభ నుంచి తిరిగొచ్చిన బెన్నెట్ గారి భార్య అక్కడ చూసిన ఒకావిడ గౌను మీది లేసును వర్ణించబోతుంది. ఆ ముస్తాబుల ముచ్చట వద్దని భర్త మధ్యలోనే ఆపేస్తాడు. ఆ లేసు ఎలా ఉందో పాఠకుడికి ఇక తెలియదు.

ఎలిజబెత్ గాస్కెల్ మాత్రం ఆపలేదు. ఆమె 'క్రాన్‌ఫర్డ్' 1851 నుంచి 1853 దాకా డికెన్స్ నడిపిన పత్రికలో వచ్చింది. అందులో ఆస్తి పోయినా పరువు కాపాడుకుంటూ బతికే ఫారెస్టర్ అనే పెద్దావిడ ఉంటుంది. ఆమెకు మిగిలిన విలువైన వస్తువుల్లో పాత లేసు ఒకటి. దాన్ని ఉతకడానికి పనిమనిషిని కూడా ముట్టనివ్వదు. పాలలో నానబెట్టి తనే శుభ్రం చేస్తుంది. ఒకరోజు అలా నానేసి పక్కకు వెళ్లొచ్చేసరికి పిల్లి గొంతుకేదో అడ్డం పడ్డట్టు గుటకలు మింగుతూ కనిపించింది. మొదట అయ్యో పాపం అనుకుంది. అంతలో ఖాళీ అయిన పాలగిన్నె కంటబడింది. పాలతోపాటు లేసూ పిల్లి కడుపులోకి పోయింది! ఆవిడ ఊరి వైద్యుడి ఇంటికి మనిషిని పంపి పొడుగు బూటు ఒకటి అరువు తెప్పించింది. పిల్లి గీరకుండా ముందు కాళ్లు ఆ బూటులో దూర్చి, పండ్ల జెల్లీలో వాంతి మందు కలిపి మింగించింది. లేసు బయటపడింది. మళ్లీ మళ్లీ ఉడకబెట్టి, నానబెట్టి, లావెండర్ పొద మీద ఎండబెట్టింది. ఇప్పుడు ఆ లేసునే మెడలో వేసుకుని, పెద్దింటి ఆడపడుచుకు ఈ కథంతా గర్వంగా చెబుతోంది.

ఈ ఘట్టం చదివి నవ్వనివాళ్లు ఉండరు. ఆ నవ్వు వెనుక పేదరికం ఉంది. అది పోతే మళ్లీ కొనే స్తోమత ఆవిడకు లేదు. ఇంకొక చిన్న సంగతి కూడా అక్కడే ఉంది, తొందరగా చదివితే జారిపోతుంది. అలాంటి లేసు ఇప్పుడు ఎంత పెట్టినా దొరకదని, పరదేశంలో సన్యాసినులు అల్లేవారట అని ఆమె అంటుంది. అల్లిన చేతులకు ఆ కథలో దక్కిన చోటు అంతే, ఒక్క 'అట'.

షేక్స్‌పియర్ ఒక అడుగు ముందే వేశాడు. 1602లో ఆడినట్టు రికార్డున్న 'ట్వెల్త్ నైట్' నాటకంలో ఒక ప్రభువు పాత పాట పాడమని అడుగుతాడు. ఎండలో కూర్చుని నూలు వడికేవాళ్లూ, ఎముక బాబిన్లతో దారం అల్లే పడుచులూ పాడుకునే పాట అది. అంటే కష్టజీవుల పాట కొలువు దాకా వచ్చింది.

లేసు పనివాళ్లను దగ్గరగా చూసిన కవి విలియం కూపర్. ఆయన కాపురమున్న ఓల్నీ ఊరు ఇంగ్లండులో లేసుకు పేరుపడ్డది. 1782లో అచ్చయిన 'ట్రూత్' అనే కవితలో, ఇంటి ముందు మెత్త, బాబిన్లు పెట్టుకుని రోజంతా అల్లే ఒక పేదరాలిని ఆయన చూపిస్తాడు. చదువు లేదు, బైబిలు తప్ప ఏదీ తెలియదు, ఉన్నదానితో తృప్తిగా ఉంటుంది. ఆమెను ఫ్రెంచి మేధావి వోల్టేర్ పక్కన నిలబెట్టి, ఈమే ధన్యురాలు అంటాడు. అదే కూపర్ అంతకు రెండేళ్ల ముందు, 1780లో, ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఈ ఊళ్లో పన్నెండు వందల మంది దాకా లేసు పనివాళ్లున్నారని, వాళ్ల బీదతనం కళ్లారా చూస్తున్నానని, తీరిక లేకుండా అల్లినా వందల మంది పస్తుల అంచున ఉన్నారని అందులో ఉంది. వాళ్ల తరఫున లార్డ్ ఛాన్సలర్ చెవిలో ఒక మాట వేయమని ప్రాధేయపడ్డాడు. కవితలో తృప్తి, ఉత్తరంలో ఆకలి. రెండూ ఒకే కలం రాసినవే. నమ్మాల్సి వస్తే ఉత్తరాన్నే నమ్మాలి.

1809లో జాన్ హీత్‌కోట్ లేసు వల అల్లే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1816లో లాఫ్‌బరోలోని అతని ఫ్యాక్టరీ మీద, యంత్రాలను వ్యతిరేకించే లడ్డైట్లు పడి యంత్రాలు పగలగొట్టారు. యంత్రం మాత్రం ఆగలేదు. ఆ తర్వాత చేతిపని ఏమైందో ఫ్లోరా థాంప్సన్ 1939లో రాసిన 'లార్క్ రైజ్' చెబుతుంది. ఆమె చిన్ననాటి పల్లెలో క్వీనీ అనే ముసలమ్మ ఉండేది. ఎండలో కుర్చీ వేసుకుని, ఒళ్లో మెత్త పెట్టుకుని బాబిన్లు ఆడించేది. వాటికి రంగు పూసలు వేలాడేవి. వయసులో ఉన్నప్పుడు ఏడాది పొడుగునా అల్లింది బాన్‌బరీ సంతకు పట్టుకెళ్లి అమ్మేది. మిషన్ లేసు వచ్చాక కొనేవాళ్లు లేకపోయారు. చేతిలో విద్య అలాగే ఉంది, తేనెపట్లకు కాపలా కాస్తూ పొద్దుపుచ్చుతోంది. ఆమెను ఎరిగిన పిల్ల పెద్దయ్యాక రాసింది కాబట్టే ఆ ముసలమ్మ మనకు పేరుతో సహా తెలిసింది.

ఇక మన దగ్గరికి వద్దాం. గోదావరిఖని పక్క నుంచి పారే గోదావరి నీళ్లే భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం ఆనకట్టను తాకుతాయి. తర్వాత డెల్టాలోకి దిగి, వశిష్ఠ పాయగా నర్సాపురం పక్కన సముద్రం వైపు సాగుతాయి. ఈ దారిలో రెండు చోట్ల లేసు పుట్టింది. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో ఆంగ్లికన్ చర్చి వాళ్ల కోయ మిషన్ నడిచేది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల గురించి చాలా రాశాడు. ఆ మిషన్ స్త్రీలే ఊరి ఆడవాళ్లకు లేసు నేర్పారు. నర్సాపురానికి 1830లలోనే బౌడెన్, బీర్ దంపతులు వచ్చి గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలోనూ మిషనరీ కుటుంబాల ఆడవాళ్ల ద్వారానే క్రోషే వ్యాపించింది. కరువులో, పేదరికంలో ఉన్న క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయన్నది వాళ్ల ఆలోచన. 1840లలో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి కరువొచ్చినప్పుడు కూడా ఇలాగే క్రోషే నేర్పారు. ఐరిష్ పద్ధతిలో పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లి తర్వాత కలుపుతారు. నర్సాపురంలోనూ పని ఇలా ముక్కలుగానే నడుస్తుంది.

ఆ ముక్కల్లోకి తొంగి చూసిన పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. రాసింది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. నర్సాపురం లేసు స్త్రీల మీద ఆమె అధ్యయనం అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్యక్రమం కింద 1970ల చివర్లో జరిగింది. ఆమె నవలాకారిణి కాదు, ఆ పుస్తకం కథ కాదు. అయినా లేసు సాహిత్యంలో దాన్ని కూపర్ ఉత్తరం పక్కన పెట్టుకోవాలి, ఇంకా పై అరలో.

పని ఎలా చేతులు మారుతుందో మీస్ విడమరిచి చెప్పింది. ఎక్స్‌పోర్టరు దగ్గర నుంచి దారం ఏజెంటుకు వస్తుంది. ఏజెంటు ఇల్లిల్లూ తిరిగి పంచుతాడు. ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది, అది చేతిపని. ఇంకొకామె ఆ పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డో, దుప్పటో చేస్తుంది, అది అతుకుపని. గుడ్డ అంచున లేసును నిలబెట్టేది కాజాకుట్టు. పువ్వు అల్లిన ఆమెకు అది చివరికి ఏ వస్తువైందో కనిపించదు, ఏ దేశంలో ఎంతకు అమ్ముడైందో తెలియదు. కూలి గంటలకు కాదు, అల్లిన పనికే. ఇంటి చాకిరీ ముగించుకుని రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది తిప్పినా చేతికి రూపాయి పడేది కాదు. ఆ కాలానికి కూడా అది అన్యాయమైన కూలి. పొలం కూలికి దానికంటే మెరుగ్గా వచ్చేది.

మరి పొలానికే పోవచ్చు కదా? ఇక్కడే మీస్ పుస్తకం కళ్లు తెరిపిస్తుంది. మొదట్లో పేద క్రైస్తవుల్లో ఉన్న పని తర్వాత కాపు కుటుంబాల్లోకి పాకింది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు గడప దాటి కూలికి పోవడం పరువు తక్కువ, ఘోషా గౌరవం. లేసు అయితే ఇంట్లో కూర్చునే చేయొచ్చు. ఆ పరువే వ్యాపారికి పెట్టుబడి అయింది. ఆమె ఇల్లాలు, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకుంటోంది అని చెప్పుకుంటే కూలి పెంచనక్కర్లేదు. జనాభా లెక్కల్లో ఆమె కార్మికురాలిగా నమోదు కాదు. లేసు ఓడలెక్కి విదేశాలకు పోతోంది, డాలర్లు వస్తున్నాయి, అల్లిన మనిషి మాత్రం పని చేయనట్టే లెక్క. మీస్ తేల్చిన ఈ సంగతి తర్వాత ప్రపంచమంతటా ఆడవాళ్ల పని గురించి చర్చించేవాళ్లకు ఆధారమైంది. 2012లో ఆస్ట్రేలియా ప్రచురణ సంస్థ ఒకటి ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చేసింది. మీస్ 2023లో కన్నుమూసింది.

మీస్‌తో కలిసి ఆ ఊళ్లలో పనిచేసినవాళ్లలో కె. లలిత ఉన్నారు. తర్వాత స్త్రీశక్తి సంఘటన తరఫున వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీలు తమ మాటల్లో తమ కథలు చెప్పుకున్నారు. ఆ పుస్తకం వెనకా ఆమె ఉన్నారు. భారతీయ స్త్రీల రచనల మీద సూసీ తారుతో కలిసి రెండు సంపుటాలు తెచ్చింది కూడా ఆమే. నర్సాపురం ఇళ్లలో కూర్చుని ఆడవాళ్ల మాట వినడం, వాళ్ల పనికి విలువ కట్టడం ఈ పనులన్నిటికీ దగ్గరి చుట్టమే. తెలుగులో పొలం మీద, మగ్గం మీద, బొగ్గుబాయి మీద బలమైన కథలు, నవలలు ఉన్నాయి. లేసు సూదికీ ఆ స్థాయి నవల ఒకటి కావాలి. చేతిపని మనిషి, అతుకుపని మనిషి, దారం పంచే ఏజెంటు, ఎగుమతి షావుకారు, గడప దాటనివ్వని పరువు, అన్నీ ఒకే వీధిలో ఉన్నాయి.

ఈలోగా నర్సాపురంలో పని సాగుతూనే ఉంది. రుస్తుంబాదలో లేసు పార్కు వెలిసింది, శిక్షణలు నడిచాయి. చైనా మిషన్ లేసు పోటీ కూడా వచ్చింది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగు, దక్కింది. ఇక వేరే చోట యంత్రం మీద చేసిన సరుకును ఆ పేరు పెట్టి అమ్మడం చట్టరీత్యా కుదరదు. ఊరి పేరుకు కాపుదల దొరికింది, సంతోషమే. అల్లే మనిషికి పువ్వుకు ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఆ చట్టం పరిధిలో లేదు. అది ఎగుమతిదారుకూ, ఏజెంటుకూ, ఆమెకూ మధ్య తేలాల్సిన బేరమే.